బుడమేరుని కూడా ఏరు అనే రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను అజిత్‌సింగ్‌నగర్‌లో ఉంటాను, దగ్గర్లోనే ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. మీ పత్రిక మా ఇంటికి చాలా ఏళ్లుగా వస్తోంది. వానలు మొదలయ్యాక పొద్దున్నే పేపర్ తీయగానే నేను ముందు వెతికేది రిజర్వాయర్ల పట్టిక. శ్రీశైలం, సాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ, ఒక్కోదాని పూర్తి మట్టం ఎంత, ఇవాళ ఎంత ఉంది, వచ్చేదెంత, పోయేదెంత. పిల్లల చేత కూడా అదే చదివిస్తాను. క్యూసెక్కు అంటే ఏంటో టీఎంసీ అంటే ఏంటో వాళ్లకి పాఠం కన్నా ఆ పట్టికతోనే బాగా ఎక్కుతుంది. ఆ పట్టికలో ఇంకొక్క లైను కలపమని అడగడానికే ఈ ఉత్తరం. వెలగలేరు అని ఒక లైను. అక్కడి రెగ్యులేటర్ (నీటిని ఆపి వదిలే గేట్ల కట్టడం) దగ్గర ఇవాళ మా పక్కనుంచి పోయే బుడమేరు మట్టం ఎంత, 11 గేట్లలో ఎన్ని ఎత్తి ఉన్నాయి. అంతే. దాంతోపాటు ఇంకో మాట, బుడమేరు వార్తలకి "విజయవాడ దుఃఖదాయని" అని హెడ్డింగ్ పెట్టడం ఇక మానేయమని. నా లెక్కలో ఈ రెండూ ఒకటే విషయం. ఎందుకో చెప్పాలంటే కొంచెం పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

2024 ఆగస్టు 31, శనివారం. ఆ రోజంతా ఎడతెరిపి లేకుండా వాన. మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడ్డాయని మధ్యాహ్నానికే తెలిసింది, అందరికీ టెన్షన్ పట్టుకుంది. మా వీధి వాట్సాప్ గ్రూపులో అందరూ పంపుకుంటున్నవి మాత్రం బ్యారేజీ లెక్కలే. ఇంత వస్తోందట, ఇన్ని గేట్లు ఎత్తారట, రాత్రికి ఇంకా పెరుగుతుందట. మా వీధికి కృష్ణ ఎక్కడ, ఊరికి అటు పక్క కదా, మనకేం కాదులే అనుకుని పడుకున్నాం. ఆదివారం పొద్దున పాల ప్యాకెట్ కోసం గేటు తీశాను. వీధి చివర సైడు కాలువలో నీళ్లు వెనక్కి నడుస్తున్నాయి. రోజూ బయటికి పోయే మురుగు ఆ రోజు లోపలికి వస్తోంది, దాని మీద కొబ్బరి బొండాలు, చెప్పులు, తూటికాడ తేలుతూ వస్తున్నాయి. నిలబడి చూస్తుండగానే మొదటి మెట్టు మునిగింది. టిఫిన్ల వేళకి హాల్లోకి వచ్చాయి. మధ్యాహ్నానికి మేం నలుగురం ఎదురింటి పిన్నిగారి పై అంతస్తులో ఉన్నాం, కిందకి చూస్తే మా ఫ్రిజ్ వెల్లకిలా తేలుతోంది. ఎనిమిది రోజులు అలాగే గడిచాయి. ఆ ఎనిమిది రోజుల్లో తిండికీ మంచినీళ్లకీ పడవల కోసం ఎదురుచూడటం, డ్రోన్లు పొట్లాలు దించిపోవడం, సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీద మనవాళ్ల కోసం నిలబడ్డ జనం, ఇవన్నీ మీ పేపర్లో వచ్చాయి. నేను మళ్లీ చెప్పను. పరిహారం సంగతి కూడా రాయను, దాని గురించి రాయాల్సిన వాళ్లు రాశారు.

నన్ను పట్టి పీడించింది వేరే సంగతి. ఆ మొదటి రోజు మా మేడ మీద పదహారు మందిమి ఉన్నాం, అందులో సగం మంది ఇది కృష్ణ నీళ్లే అనుకున్నారు. కరకట్ట తెగిందట అని ఒకాయన ఫోన్లో ఎవరికో చెబుతున్నారు. ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటున్న వాళ్లం, కాలి నడకన పోయేంత దూరంలో ఉన్న ఏటిని వదిలేసి నాలుగు మైళ్ల అవతలి నదిని తలుచుకుంటున్నాం. అలా అనుకోవడంలో వింతేమీ లేదు కూడా. రోజూ పేపర్లో చూసేది కృష్ణనే, స్కూల్లో పిల్లలకి చెప్పేది కృష్ణ గురించే. నేనూ అదే చెప్పాను. మహాబలేశ్వరంలో పుట్టి 1,400 కిలోమీటర్లు నడిచి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుందని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో. బుడమేరు ఎక్కడ పుట్టిందో ఒక్కసారి కూడా రాయలేదు.

ఇప్పుడు రాస్తున్నాను. బుడమేరు పుట్టేది మనకి దగ్గర్లోనే, మైలవరం చుట్టూ ఉన్న కొండల్లో. ఆ కొండల మీద పడ్డ వాన చిన్న చిన్న వాగులుగా దిగి, ఒకదానిలో ఒకటి కలిసి, జి.కొండూరు మండలం మీదుగా వెలగలేరు దాకా వస్తుంది. అక్కడి నుంచి విజయవాడకి ఉత్తరంగా తిరిగి, మా సింగ్‌నగర్, పాయకాపురం పక్కనుంచి పోయి, ఎనికేపాడు దగ్గర కాలువ కింద కట్టిన సొరంగంలో దూరి అవతల తేలుతుంది. అండర్ టన్నెల్ అన్నమాట, దాన్నే అందరూ యూటీ అంటారు. తర్వాత గన్నవరం, నందివాడ వైపు పల్లపు పొలాల్లో పడి చివరికి కొల్లేరులో కలుస్తుంది. మున్నేరు, పాలేరు, తమ్మిలేరు, రామిలేరు లాగే ఇదీ ఏరే, పేరులోనే ఉంది. కాకపోతే ఎండాకాలం చూస్తే నమ్మబుద్ధి కాదు. ఊళ్లో ఉన్న ముక్కలో గుర్రపుడెక్క కింద నల్లటి నీళ్లు ఇంత పాయగా కదులుతుంటాయి, ముక్కు మూసుకుని వంతెన దాటేస్తాం.

దీని దారిలో మనుషులు చేసిన మార్పులు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. 1850ల్లో బెజవాడ దగ్గర కృష్ణకి అడ్డంగా ఆనకట్ట కట్టి కాలువలు తవ్వాక డెల్టా పండింది, ఆ మేలు ఇప్పటికీ తింటున్నాం. కానీ కాలువ అన్నది మెరక మీద నడవాలి, ఏరు పల్లంలో నడుస్తుంది, రెండూ అడ్డంగా తగిలినచోట ఒకటి తలవంచాలి. మన దగ్గర తలవంచింది బుడమేరు, అందుకే ఆ యూటీ. ఎంత నీరొచ్చినా ఆ సొరంగం నోరు పట్టినంతే అవతలికి పోతుంది. తర్వాత రైలు కట్టలు, హైవే కట్ట. ఊరు పెరిగాక వరద ఊళ్లోకి రాకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, అక్కడి నుంచి ఇబ్రహీంపట్నం వైపు ఒక కాలువ తవ్వి, బుడమేరు నీటిని బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి మళ్లించారు. అదే బుడమేరు డైవర్షన్ ఛానల్. గేట్లు దించి ఉన్నంతసేపూ నీళ్లు ఆ ఛానల్లో పడి కృష్ణకి పోతాయి. ఛానల్ పట్టలేనంత వచ్చి గేట్లు ఎత్తితే పాత దారిన ఊరి మీదుగా కొల్లేరుకి పోతాయి.

చదవడానికి బాగానే ఉంది కదా. చిక్కు ఎక్కడంటే, ఛానల్ నీళ్లు దిగాల్సింది కృష్ణలోకి. కృష్ణే నిండుగా ఉంటే దిగవు, ఎగదన్నుతాయి. సింకులో గొట్టం మూసుకుపోతే నీళ్లు పైకి వచ్చినట్టు. 2024లో జరిగింది అదే. మైలవరం కొండల మీద కుండపోత, ఛానల్ పట్టే దానికి మించి వరద, అదే సమయంలో కృష్ణకి కనీవినీ ఎరగనంత ప్రవాహం. సెప్టెంబర్ 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. బ్యారేజీ కట్టాక అంత ఎప్పుడూ రాలేదు, 2009 అక్టోబర్లో వచ్చిన 11.10 లక్షలనీ దాటింది. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, 28 లీటర్ల పైచిలుకు. అంటే సెకనుకి మూడు కోట్ల లీటర్లకు పైనే. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. బ్యారేజీ వెనక నిలవ ఉండేదే మూడు టీఎంసీల పైచిలుకు, ఆ రోజు ప్రవాహం ముందు అది ముప్పావు గంటలో అయిపోయే నీరు. అలాంటి నది ముందుకొచ్చి బుడమేరు ఎక్కడ దిగుతుంది చెప్పండి. ఛానల్ ఎడమ కట్టకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఎడమ కట్ట అంటే ఊరి వైపు కట్ట. ఇంజినీర్లకి తోడు ఆర్మీ కూడా వచ్చి, ఇనప వలల బుట్టల్లో రాళ్లు నింపి దించితే గానీ పూడలేదు, ఆఖరి గండి పూడింది సెప్టెంబర్ 7న. వినాయక చవితి. ఆ రోజు మా వీధిలో పత్రి లేదు, ఉండ్రాళ్లు లేవు. ఎదురింటి పిన్నిగారు పసుపు ముద్దని వినాయకుడిగా చేసి పిట్టగోడ మీద పెట్టి దణ్ణం పెట్టుకున్నారు.

ఇక నేను అడిగే లైను దగ్గరకి వస్తాను. కృష్ణకి వరద మామూలుగా చెప్పి వస్తుంది. ఆల్మట్టి నిండిందంటారు, తర్వాత జూరాల, తర్వాత శ్రీశైలం గేట్లు, సాగర్ గేట్లు, పులిచింతల. మన దాకా రావడానికి రోజులు పడుతుంది, ఆ రోజులన్నీ మీరు పేపర్లో రాస్తారు, ఘాట్ల దగ్గర దుకాణాల వాళ్లు సామాన్లు సర్దుకుంటారు. బుడమేరు మీద అలాంటి పెద్ద రిజర్వాయర్ ఒక్కటీ లేదు. మైలవరం నుంచి మా ఇంటికి బస్సులో గంట, గంటన్నర. రాత్రి కొండల మీద పడ్డ వాన తెల్లారేసరికి మన వీధి మొదట్లో ఉంటుంది. పెద్ద నదికి ముందు మాట కావాలంటే సరే, చిన్న ఏటికి ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే దానికి టైం ఉండదు. మనం దానికి ఉల్టాగా చేస్తున్నాం. చెప్పి వచ్చే నదికి రోజూ పట్టిక, చెప్పకుండా వచ్చే ఏటికి ముంచిన తర్వాత మొదటి పేజీ. పొద్దున అచ్చయ్యే పేపర్లో ఆ రాత్రి వరద తెలియదు కదా అని మీరు అనవచ్చు. నిజమే. కానీ జూన్ నుంచి రోజూ ఆ లైను కళ్ళబడితే వెలగలేరు అనే ఊరు ఉందని, అక్కడ గేట్లు ఉన్నాయని, అవి ఎత్తితే నీళ్లు మన వైపే వస్తాయని సింగ్‌నగర్లో ప్రతి ఇంటికీ తెలిసిపోతుంది. ఇవాళ మామూలుకన్నా ఎక్కువుందే అని ఒక్కరు పైకి చదివినా చాలు, ఆ రాత్రి కాగితాలు, మందులు, బంగారం మంచం మీద నుంచి అటక మీదకి చేరతాయి. 2024 ఆగస్టు 31 రాత్రి నేను వెలగలేరు పేరు విని ఉంటే మా అత్తగారి షుగర్ మందులు నీళ్లపాలు అయ్యేవి కావు.

కాగితాలు అంటే గుర్తొచ్చింది. నీళ్లు తీశాక మా ఇంటి దస్తావేజులు బురదలోంచి తీసి, ఒక్కో పేజీ విడదీసి, పిన్నిగారి వరండాలో ఫ్యాన్ కింద పరిచాం. ఎగిరిపోకుండా గులకరాళ్లు పెట్టాం. ఇల్లు కొన్నప్పుడు లాయరు చూశారు, బ్యాంకు వాళ్లు చూశారు, నేను సంతకం పెట్టాల్సిన చోటు తప్ప ఏమీ చూడలేదు. అవి ఆరేదాకా కాకులు రాకుండా కూర్చోవాలి కదా, ఊరికే కూర్చోలేక చదవడం మొదలుపెట్టాను. అడుగున ఉన్న పాత లింకు డాక్యుమెంటులో, చేత్తో రాసిన దాంట్లో, మా స్థలం హద్దుల దగ్గర "మాగాణి పల్లం" అని ఉంది. సిరా కొంచెం అలుక్కుపోయింది గానీ పల్లం అన్న మాట బాగానే కనిపిస్తోంది. ఆ తర్వాతి దస్తావేజులో "ఖాళీ స్థలము" అయింది. మా దస్తావేజుకి వచ్చేసరికి ప్లాటు నంబరు మాత్రమే మిగిలింది. మూడు కాగితాల్లో ఆ మాట మాయమైంది. ఎవరూ దొంగతనంగా తీసేశారని నేను అనడం లేదు, అక్కర్లేదనుకుని వదిలేశారంతే. నీరు పల్లమెరుగు అని మా అమ్మ వెయ్యిసార్లు అని ఉంటుంది, ఏదో సామెతలే అనుకునేదాన్ని. మేం మర్చిపోయిన పల్లాన్ని నీళ్లు మర్చిపోలేదు.

ఆక్రమణలు, ఆక్రమణలు అని వరద వచ్చినప్పుడల్లా వినిపిస్తుంది. కట్ట మీద రేకుల షెడ్లు వేసుకున్న వాళ్ల మీదకే ఆ మాట ముందు పోతుంది, అది నాకు చాలా బాధగా ఉంటుంది. ఏటి గట్లు పూడ్చి కట్టినవి తీయాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ మాలాంటి వాళ్లు వేల మంది రిజిస్ట్రేషన్ చేయించుకుని, లోన్ తీసుకుని, పన్ను కట్టి పల్లంలో ఉంటున్నాం. 2005 సెప్టెంబర్లో కూడా ఈ ప్రాంతమంతా మునిగింది. అప్పటి వాళ్లలో చాలామంది అమ్ముకుని వెళ్లిపోయారు, కొన్నవాళ్లకి వాళ్లు ఆ మాట చెప్పలేదు. ఇప్పుడు 2024ది కూడా అలాగే మర్చిపోతామేమో అని నా భయం.

అందుకే దసరా సెలవుల తర్వాత ఒక పని చేశాను. ఎనిమిదో తరగతి పిల్లల్ని మీ ఇంటికి దగ్గర్లో ఉన్న నదిని గీయమన్నాను. నలభై మంది ఉన్నారు, అందరూ కృష్ణనే గీశారు. బ్యారేజీ, ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి గుడి, ఒక పడవ. బాగా గీశారు కూడా. అందులో సగం మంది ఇళ్లలోకి నెల కిందటే బుడమేరు నీళ్లు వచ్చిపోయాయి. బుడమేరు ఎందుకు గీయలేదు అంటే మొదటి బెంచీ అబ్బాయి లేచి, "అది డ్రెయిన్ కదా టీచర్" అన్నాడు. వాడిని ఏమని అనను, వాడికి అది డ్రెయిన్ గానే చూపించాం.

ఆ శనివారం కుట్టు టేపులు, సుద్దముక్కలు తెచ్చుకోమన్నాను. అప్పటికి గోడల మీద బురద గీతలు ఇంకా పోలేదు, సున్నం వేయించుకునే ఓపిక ఎవరికీ లేదు. నలుగురు నలుగురు చొప్పున ఒక్కో వీధికి పంపాను. ప్రతి పది ఇళ్లకి ఒకచోట రోడ్డు మీద నుంచి గీత దాకా ఎంత ఎత్తుందో కొలిచి రాసుకోవాలి. కొందరు ఇంటివాళ్లు ఏంటమ్మా మళ్లీ సర్వేనా అని కసిరారు, పిల్లలు చెప్పాక మజ్జిగ ఇచ్చారు. మా ఇంటి దగ్గర నాలుగడుగుల ఎనిమిది అంగుళాలు. మా వీధి చివర ఐదున్నర. ఇంకో నాలుగు వీధులు దాటాక ఒక టైలర్ షాపు గోడ మీద పిల్లలకి చెయ్యి అందలేదు, స్టూలు వేసుకుని కొలిస్తే ఏడు అడుగుల రెండు అంగుళాలు. అవన్నీ తెచ్చి బోర్డు మీద వీధుల మ్యాపులో వేశాం. నిలిచిన నీటికి పైభాగం అన్నిచోట్లా ఒకటే మట్టంలో ఉంటుంది కాబట్టి ఎక్కడ లోతు ఎక్కువో అక్కడ నేల పల్లం, ఇది వాళ్లకి సైన్సు టీచర్ వచ్చి చెప్పారు. ఎక్కువ లోతున్న చుక్కలన్నీ ఒక అమ్మాయి నీలం సుద్దతో కలుపుతూ పోయింది. వంకరటింకరగా ఒక పాయలా వచ్చింది. స్కూలు వెనక నుంచి పోయి, రెండు వంపులు తిరిగి, తిన్నగా వెళ్లి ఇప్పటి బుడమేరు కాలువలో కలిసింది. క్లాసు నిశ్శబ్దం అయిపోయింది. "టీచర్, మా ఇల్లు ఏట్లో ఉంది" అన్నాడు డ్రెయిన్ అన్న అబ్బాయే. పాతికేళ్ల అనుభవంలో నేను చెప్పిన ఏ పాఠమూ అంత సూటిగా తగల్లేదు.

ఇంకో సంగతి చెప్పాలి, మా పుట్టిల్లు నందివాడ మండలంలో. ఇక్కడ నీళ్లు తగ్గుముఖం పట్టి, మేం కిందకి దిగి బురద ఎత్తిపోసుకుంటుంటే మా అన్నయ్య ఫోన్ చేశాడు. "మీ నీళ్లు వచ్చేశాయమ్మా మా ఊరికి" అన్నాడు. వెక్కిరింపుగా కాదు, వాడి గొంతులో అలసట. మా ఇంట్లోంచి దిగిన నీరు మాయం కాదు కదా, యూటీ దాటి వాళ్ల చేల మీద పడింది. వరి పొలాలు, చేపల చెరువులు, ఊళ్లోకి వెళ్లే రోడ్లు అన్నీ ఒకటైపోయాయి. మాకు ఎనిమిది రోజులైతే వాళ్లకి ఇంకా ఎక్కువ రోజులు నిలిచాయి, ఎందుకంటే అక్కడి నుంచి ముందుకు పోవాలంటే కొల్లేరు తీసుకోవాలి. కొల్లేరు తీసుకోవాలంటే దాని కడుపు ఖాళీ ఉండాలి. తమ్మిలేరూ, రామిలేరూ కూడా అక్కడికే వస్తాయి, అన్నిటికీ కలిపి సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. కొల్లేరులో ఐదో కాంటూరు, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, దాని లోపల 308 చదరపు కిలోమీటర్లని 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితా రామ్‌సర్‌లో చేరింది, 2006లో లోపలి చేపల చెరువుల గట్లు పేల్చారు. ఆ తర్వాత మళ్లీ గట్లు లేచాయి. మా బంధువుల్లోనూ చేపల చెరువుల వాళ్లు ఉన్నారు, వాళ్ల బతుకు వాళ్లది, కానీ గట్టు వేసిన ప్రతిచోటా నీరు ఎగదన్నుతుందన్నది మా అన్నయ్యే ఒప్పుకుంటాడు. ఏరు ఎన్ని వంకలు పోయినా సముద్రంలో కలవాలి అంటారు. మన ఏటికి ఆ వంకల్లో ప్రతిచోటా ఒక అడ్డం పెట్టుకుంటూ వచ్చాం, మైలవరం వాన ఉప్పుటేటి మొగ దాకా చేరే లోపల ఎన్ని ఊళ్ల గుమ్మాలు ఎక్కి దిగాలో.

దుఃఖదాయని మాట మానమన్నది ఇందుకే. ఆ మాట రాసినప్పుడు తప్పు ఏటిది అయిపోతుంది. అదే బుడమేరు ఛానల్లోంచి 2015 నుంచి గోదావరి నీళ్లు వస్తున్నాయి. పట్టిసీమ దగ్గర ఎత్తిపోసిన నీరు పోలవరం కుడి కాలువలో నడిచి, ఈ ఛానల్లో పడి, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ చోటుని పవిత్ర సంగమం అంటాం. కృష్ణ అడుగంటిన ఏడు డెల్టాలో నారుమళ్లు తడిసింది ఆ నీళ్లతోనే. ఒకే ఛానల్ జులైలో నీళ్లు తెస్తే పవిత్రం, సెప్టెంబర్లో తెస్తే దుఃఖం. రైతుబిడ్డని కాబట్టి నాకు ఇది అన్యాయంగా అనిపిస్తుంది. మీ రిపోర్టర్లు ఏదో తప్పు ఉద్దేశంతో రాస్తున్నారని కాదు, ఎప్పటి నుంచో నోట్లో నానుతున్న మాట, హెడ్డింగుకి సరిపోతుంది. కానీ పిల్లలు చదివే పేపర్ మీది. డ్రెయిన్ అన్న మాట ఒకటి, దుఃఖదాయని అన్న మాట ఒకటి, ఈ రెండే వాళ్లకి తెలుసు. ఏరు అన్న మాట వాళ్లకి ఎవరూ ఇవ్వలేదు.

వెలగలేరు వివరం మీకు దొరకడం కష్టమేమీ కాదు, బ్యారేజీ లెక్కలు ఇచ్చే చోట అడిగితే ఇదీ ఇస్తారు. జిల్లా ఎడిషన్లో వేసినా చాలు. వానాకాలం నాలుగు నెలలు వేసినా చాలు. వీలైతే ఊళ్లో ఒక వంతెన దగ్గర మట్టం కూడా వేయండి, అక్కడ అడుగుల గుర్తులు పెయింట్ చేయమని మా వార్డు వాళ్లం అర్జీ రాస్తున్నాం, ఇప్పటికి 212 సంతకాలు అయ్యాయి. అర్జీ కాపీ కావాలంటే పంపుతాను.

పిల్లల మ్యాపుని బోర్డు మీద నుంచి చార్టు మీదకి ఎక్కించాం. దాని ఫోటో ఈ ఉత్తరంతో జత చేశాను. పైన ఎడమ పక్క మైలవరం కొండలు, కింద కుడి పక్క కొల్లేరు, దాంట్లో రెండు గూడబాతులు. మధ్యలో మా వీధులు, నీలం పాయ, ప్రతి చుక్క పక్కన అడుగులూ అంగుళాలూ. వెలగలేరు దగ్గర చిన్న చిన్న నిలువు గీతలు కనిపిస్తాయి, అవి గేట్లు. మా క్లాసు అబ్బాయి, అదే డ్రెయిన్ అన్న అబ్బాయి, మొదట తొమ్మిదే గీశాడు, తర్వాత ఎవరో చెబితే చెరిపి, స్కేలు పెట్టి మళ్లీ 11 గీశాడు. పేపర్లో చోటు చాలక ఉత్తరం కత్తిరించాల్సి వస్తే నా మాటలు కత్తిరించండి, మ్యాపుని మాత్రం పూర్తిగా వేయండి.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ.